అనుభవదారు

మార్చి నెల. మహబూబ్‌నగర్ రికార్డు రూముల
ఫ్యాను తిరిగితే కాయితాలు లేస్తయని
ఫ్యాను బందు పెట్టిండు అటెండరు.
చెమటచుక్క పహాణీ మీద పడకుండ
మెడకు చున్నీ చుట్టుకొని కూసున్న.

నా థీసిస్ పేరు పొడుగు:
"రక్షిత కౌలుదారీ హక్కు: చట్టం, ఆచరణ.
పాలమూరు ప్రాంతంలోని ఐదు గ్రామాల అధ్యయనం."
ఇంటికాడ అడిగితే భూముల గురించి అంట.
మొదటేడు నాకూ అంతే తెలుసు.

యాభై నాలుగు నాటి ఖాస్రా ఉర్దూల ఉంది.
రిటైరైన సర్వేయరు గౌసుద్దీన్ సాబ్
భూతద్దం జరుపుకుంట
కుడి నుంచి ఎడమకు చదివి చెప్తడు,
నేను ఎడమ నుంచి కుడికి రాసుకుంట.
ఇద్దరి నడుమ ఎక్కడనో
ఒక మనిషి నిలబడి ఉంటడు:
కావలి ఆశన్న. సర్వే నంబరు నూట డెబ్బయి రెండు.
చెల్క. నాలుగెకరాల పదకొండు గుంటలు.
ఆముదాలు.

తెలుగుల ఆ గడి పేరు అనుభవదారు.
దున్నుకొని తినేటోడని చట్టంల అర్థం.
ఎండను, నాగుల వడ్డీని, రాళ్లేరిన నడుమునొప్పిని
అనుభవించినోడని
లా కాలేజీ లైబ్రరీల ఏ తీర్పూ చెప్పలే.
అట్టలూడిన సంపుటాలు గూడ చూసిన.

ఆశన్న కోడలు బుగ్గమ్మ దేవరకద్ర అవతల ఉంటది.
ఫోన్ల రికార్డింగు పెట్టి
సమ్మతి పత్రం చదివి వినిపించిన.
"ఏలుముద్రనా? వద్దు బిడ్డా,
ఏలుముద్రతోటే పాయె చెల్క."
నోటిమాట చాలని రాసుకున్న.
"మా గైడు మేడం సోర్సు అడుగుతది అవ్వా."
"సోర్సంటే?"
"ఎక్కణ్ణుంచి వచ్చిందో, అది."
"ఊటనా?" అని బాయి దిక్కు చూసింది.
బాయి ఎండి ఎన్నేండ్లాయెనో అడగలే.
ప్రశ్నావళిల లేదు.

అరవై ఎనిమిది నాటికి పహాణీ తెలుగైంది.
సాబ్ చాయ్ తాగనీకి పోయిండు.
ఒక్కదాన్నే పేజీలు తిప్పుతున్న.
నూట డెబ్బయి రెండు.
ఆశన్న పేరుంది, పేరు మీదికెళ్లి గీతుంది,
గీత పక్కన ఎర్రసిరా: "స్వయంగా వదలుకొనెను."

ఆ "య" చివర తోక
తేలుకొండి లెక్క పైకి తిరిగింది.

ఆ తోక నాకెరుకే.
పలక మీద నా వేలు తన పిడికిట్ల పట్టి
"పేరుల మొదటక్షరం సక్కగ రావాలె" అని
మా అమ్మ నాయిన దిద్దించిన తోక.
పట్వారి కింద రాతగాడు తాత.
బ్యాంకు చెక్కు మీద, హాస్టలు రిజిస్టర్ల,
పీహెచ్‌డీ అడ్మిషన్ ఫారం మీద
యశోద అని రాసిన ప్రతిసారీ
లేస్తనే ఉంది.

సాబ్ వచ్చి "కుచ్ మిలా?" అన్నడు.
దొరికిందన్న. ఏందో చెప్పలే.

నాలుగో అధ్యాయం, రెండువందల పన్నెండో ఫుట్‌నోట్.
గ్రామం, సంవత్సరం, పేజీ నంబరు పెట్టి
కింద ఒక్క వాక్యం కలిపిన:
"ఈ కొట్టివేత పరిశోధకురాలి మాతామహుని చేతిరాత."
రాజ్యలక్ష్మి మేడం పెన్సిలుతోటి చుట్టి
అంచుల రాసింది: "ఆధారం?"

నిపుణుని నివేదిక లేదు.
తాత లేడు. పలక ఎప్పుడో పగిలింది.
అమ్మకు చెప్తే మూడొద్దులు
అన్నం పెట్టింది గని మాట్లాడలే.
నాలుగో నాడు జడ్చర్ల బస్సు ఎక్కిచ్చుకుంట
"పొట్టకోసం రాసిండే" అన్నది, అంతే.
ఆ మాట ఏ అధ్యాయంల పెట్టాలె?

తీసెయ్ అంటే ఒక్క మీట నొక్కుడు.
గీత గూడ కనపడదు ఇప్పుడు,
తాత కాలమే నయం.

సోమవారం డ్రాఫ్టు ఇయ్యాలె.
మొదటి పేజీల ధ్రువీకరణ ఉంటది:
"ఈ రాత పూర్తిగా నా సొంతం.
ఎవరి నుంచీ తీసుకున్నది కాదు."
కింద చుక్కలగీత.
పెన్ను మూత తీసి
మొదటక్షరం కాడనే కూసున్న.